హెపారిన్ ఆపినా ఆగని రక్తం: డయాలసిస్ సూదిపోట్ల నుంచి రక్తస్రావంపై ఒక కేస్ స్టడీ

డయాలసిస్ ముగిసి సూదులు తీశాక రక్తం ఆగడానికి ఎంతసేపు పట్టిందో చాలా యూనిట్లలో రాసిపెట్టరు. బీపీ రాస్తారు, బరువు రాస్తారు, ఎంత నీరు తీశారో రాస్తారు. రక్తం ఆగిన సమయం మాత్రం రోగికీ, పక్కన కూర్చుని గాజుగుడ్డ నొక్కిపట్టే బంధువుకూ తప్ప మరెవరికీ తెలియదు. ఇక్కడ వివరించబోయే కేసులో వ్యాధి ఎక్కడుందో చెప్పిన మొదటి ఆధారం ఆ సమయమే కాబట్టి, దానిని ఎలా చదవాలో, దానివెంట ఏ పరీక్షలు ఏ వరుసలో చేయాలో కొంచెం విస్తరించి రాస్తున్నాను. రోగి, ఆమె కుమారుడి అనుమతితో, గుర్తుపట్టే వివరాలను మార్చి ఇస్తున్నాను.

రోగి 59 ఏళ్ల మహిళ. సూళ్లూరుపేట ప్రాంతానికి చెందినవారు, చెన్నైలో పెరంబూరు వైపు కొడుకు ఇంట ఉంటున్నారు. చాలాకాలంగా మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. నాలుగేళ్లుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున డయాలసిస్ జరుగుతోంది. మొదట్లో కొన్ని వారాలు మెడ కుడివైపు జుగులర్ సిరలో తాత్కాలిక కేథటర్ ఉండేది. తర్వాత ఎడమ మోచేతి మడత దగ్గర బ్రేకియోసెఫాలిక్ ఫిస్టులా (సూదులు వేయడానికి వీలుగా ధమనిని సెఫాలిక్ సిరకు కలిపిన దారి) వేశారు, అప్పటినుంచీ అదే వాడుకలో ఉంది. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ పడింది. ఏడాది తర్వాత, గడ్డలు కట్టకుండా ఇచ్చే రెండు మందుల్లో క్లోపిడోగ్రెల్ ఆపి, ఆస్పిరిన్ 75 మి.గ్రా. మాత్రం కొనసాగించమని గుండె వైద్యులు చెప్పారు.

ఇల్లు మారడంతో ఆమె మా యూనిట్‌కు వచ్చారు. వచ్చేటప్పటికే రక్తస్రావం సమస్య రెండు నెలలుగా ఉంది. అంతకుముందు సూదులు తీశాక 8, 10 నిమిషాల్లో రక్తం ఆగేదని కొడుకు గుర్తుచేసుకున్నారు. అది 20 నిమిషాలై, తర్వాత అరగంటై, చివరి వారాల్లో 40 నిమిషాలు పట్టిన రోజులూ ఉన్నాయి. రెండు సూదిపోట్ల నుంచీ కారేది, వీనస్ సూది (శుభ్రమైన రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపేది) తీసిన చోట ఎక్కువ. ఒకసారి ఇంటికి చేరాక పట్టీ తడిసి, చీర కుచ్చిళ్ల దాకా రక్తం కారింది. భయపడిన ఇంట్లోవాళ్లు దానిమీద కాఫీపొడి అద్ది, పైన తువ్వాలు చుట్టారు. అది ఎందుకు చేయకూడదో తర్వాత చెబుతాను.

ముందటి కేంద్రంలో ఈ సమస్యను పూర్తిగా హెపారిన్ సమస్యగానే చూశారు. ఆ ఆలోచన తప్పని అనడం లేదు. మెషిన్ లైన్లలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మోతాదు ఎక్కువైతే సూదిపోట్ల నుంచి రక్తం ఆగకపోవడం అన్నింటికంటే తరచుగా కనిపించే కారణాల్లో ఒకటి. సాధారణ హెపారిన్ ప్రభావం గంట, గంటన్నరలో సగానికి తగ్గుతుంది కాబట్టి, ఫిస్టులా ఉన్నవారికి డయాలసిస్ ముగియడానికి 30 నుంచి 60 నిమిషాల ముందే హెపారిన్ పంపు ఆపేయడం అలవాటు. అక్కడ మొదట మోతాదును సగం చేశారు, రక్తం ఆగలేదు. తర్వాత పూర్తిగా ఆపేసి, అరగంటకోసారి సెలైన్‌తో లైన్లు కడుగుతూ హెపారిన్ లేని డయాలసిస్ మొదలుపెట్టారు. అయినా ఆగలేదు. అప్పుడు ఆస్పిరిన్ కూడా ఆపించారు.

మొదటిరోజు మా టెక్నీషియన్ తమిళంలో అడిగిన ప్రశ్నలకు తలూపి ఊరుకున్న ఆమె, తెలుగులో అడిగేసరికి కథంతా చెప్పుకొచ్చారు. అందులో ఒక మాట నన్ను ఆపింది. "ఆ ఇంజెక్షన్ ఆపేసి నెలయింది సార్, అయినా ఇట్టానే కారతా ఉండాది."

ఆ ఒక్క వాక్యంలో ఒక పరీక్షా, దాని ఫలితమూ ఉన్నాయి. హెపారిన్ లేకుండా నెలరోజులు డయాలసిస్ చేసినా రక్తం ఆగే సమయం తగ్గకపోగా పెరిగిందంటే, హెపారిన్ కారణం కాదని ఆ నెల తేల్చిచెప్పింది. అయితే ఆ ఫలితాన్ని ఎవరూ ఫలితంగా చదవలేదు. పైగా హెపారిన్ ఆపడం వల్ల కొత్త నష్టాలు మొదలయ్యాయి. మూడో గంట దాటేసరికి రక్తాన్ని వడపోసే డయలైజర్ గొట్టాలు నల్లబడేవి, రెండుసార్లు సర్క్యూట్ మొత్తం గడ్డకట్టి, అందులోని రక్తాన్ని తిరిగి ఎక్కించలేక పారేయవలసి వచ్చింది. ఒక సర్క్యూట్‌లో డయలైజర్, లైన్లు కలిపి 150 నుంచి 200 మి.లీ. రక్తం ఉంటుంది. సూదిపోట్ల నుంచి పోయినదీ, సర్క్యూట్‌లో పోయినదీ కలిసి హిమోగ్లోబిన్ 10.2 నుంచి 8.2 గ్రాములకు పడిపోయింది. కిడ్నీ విఫలమైనవారిలో ప్లేట్‌లెట్ల సంఖ్య సరిగా ఉన్నా పనితనం తక్కువగా ఉంటుంది. ఎర్ర రక్తకణాలు తగినన్ని ఉన్నప్పుడు ప్రవాహంలో అవి మధ్యగా పరుగెడుతూ ప్లేట్‌లెట్లను రక్తనాళపు గోడవైపు నెడతాయి, అవి తగ్గితే ఆ నెట్టుడూ తగ్గుతుంది. అంటే రక్తస్రావాన్ని ఆపడానికి చేసిన ప్రయత్నమే, ఒక చుట్టు తిరిగి, రక్తస్రావానికి తోడైంది. నాలుగు గంటల డయాలసిస్ మూడుంబావు గంటలకే ముగుస్తుండటంతో కేటీ/వీ (డయాలసిస్ రక్తాన్ని ఎంతమేరకు శుభ్రం చేసిందో చెప్పే అంకె) 1.05కు దిగింది. యూరియా సరిగా దిగకపోతే ప్లేట్‌లెట్లు మరింత మందగిస్తాయి.

చేతిమీద చెయ్యి వేసి

రక్తం ఆగని రోగి కనిపించగానే గడ్డకట్టే పరీక్షలన్నీ రాయడం మనందరికీ అలవాటు. దానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: రక్తం సూదిపోట్ల దగ్గరే ఆగడం లేదా, ఒంట్లో ఎక్కడైనా ఆగడం లేదా? ఈమె మధుమేహ రోగి, షుగర్ చూసుకోవడానికి వేలికొసను రోజూ గుచ్చుకుంటారు. అక్కడ దూది అద్దితే వెంటనే ఆగుతోంది. రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ వేసిన చోట కమిలిన మచ్చలు లేవు. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం రావడం లేదు, మలం నల్లగా లేదు. రక్తంలోనే లోపం ఉంటే అది ఒక చెయ్యిని ఎంచుకుని బయటపడదు.

పరీక్షలు పంపాము, అయితే వాటి ఫలితం ఇలాగే ఉంటుందని అప్పటికే అనుకున్నాము. ప్లేట్‌లెట్లు 1.86 లక్షలు, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ 1.0, ఏపీటీటీ 32 సెకన్లు, కాలేయ పరీక్షలు, అన్నీ సవ్యం. ఏపీటీటీ నమూనాను మొదటి సూది వేయగానే, హెపారిన్ గానీ హెపారిన్ కలిపిన సెలైన్ గానీ తగలకముందే తీయాలి. ఇది చిన్న విషయమే అయినా, తప్పు నమూనా ఇచ్చిన అంకెను పట్టుకుని రోజులతరబడి తిరిగిన కేసులు చూశాను.

మందుల సంగతి మరోసారి అడిగినప్పుడు, మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ మాత్రను డయాలసిస్ రోజుల్లో వేసుకుంటున్నట్టు తెలిసింది. "నాలుగు గంటలు కాళ్లు చాపుకుని ఉండలేను సార్" అన్నారామె. ఇది ప్లేట్‌లెట్లను మరింత మందగింపజేస్తుంది కాబట్టి మాన్పించాము, బదులుగా పారాసిటమాల్, కాళ్ల కింద దిండు. అయితే ఆమె ఈ మాత్రను రెండేళ్లుగా వాడుతున్నారు, రక్తస్రావం మాత్రం రెండు నెలల నుంచే ఉంది. దోహదపడే కారణాన్ని అసలు కారణంగా తీసుకుంటే వెతకడం అక్కడితో ఆగిపోతుంది.

ఇక ఫిస్టులా. ముందుగా చూడటం: మోచేతి పైన సిర రెండుచోట్ల ఉబ్బి ఉంది. సూదులన్నీ ఏళ్లతరబడి ఆ రెండు గుబ్బల్లోనే పడుతున్నాయి, ఎందుకంటే అక్కడ గుచ్చడం సులువు, నొప్పీ తక్కువ. పైగుబ్బ మీది చర్మం పలచబడి మెరుస్తోంది, ఒకచోట పెసరగింజంత చెక్కు కట్టి ఉంది. చెయ్యి వాపు లేదు, ఛాతీమీద కొత్తగా తేలిన సిరలు లేవు. అందువల్ల ఛాతీలోని పెద్ద సిరలు మూసుకుపోయి ఉండే అవకాశం తక్కువ. పాత కేథటర్ కుడివైపు ఉండటం కూడా ఆ అవకాశాన్ని తగ్గించింది.

తర్వాత తాకడం. ఆరోగ్యంగా ఉన్న ఫిస్టులా వేళ్ల కింద మెత్తగా, ఆగకుండా జుమ్మంటూ ఉంటుంది. దాన్నే త్రిల్ అంటాము. ఈమె ఫిస్టులాలో త్రిల్ గుండె కొట్టుకున్నప్పుడు మాత్రమే తెలిసి, మధ్యలో మాయమవుతోంది, దాని స్థానంలో వేళ్లను పైకి తోసే గట్టి నాడి కొడుతోంది. ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి చెయ్యిని గుండె ఎత్తుకు పైకి నిటారుగా లేపాము. రక్తం భుజంవైపు జారిపోవడానికి దారి సవ్యంగా ఉంటే సిర అణగిపోవాలి. ఇక్కడ రెండు గుబ్బలూ బిగిసి అలాగే నిలబడ్డాయి. పక్కనే ఉన్న కొడుక్కి ఆ తేడా చూపించడానికి, మరో రోగి అనుమతితో ఆయన చెయ్యిని కూడా లేపి చూపించాము, ఆ సిర క్షణాల్లో చదునైంది. స్టెతస్కోప్‌ను చెయ్యి పొడుగునా జరుపుకుంటూ కాలర్ ఎముక కిందికి, భుజం గాడి దగ్గరికి వచ్చేసరికి శబ్దం శ్రుతి పెరిగి సిస్టోల్‌కే, అంటే గుండె ముడుచుకునే క్షణానికే, పరిమితమైంది.

ఇంతవరకు ఖర్చయింది రెండు మూడు నిమిషాలు. రక్తం ఫిస్టులా నుంచి గుండెవైపు పోయే దారిలో, బహుశా భుజం దగ్గర, ఇరుకు ఉందని చెప్పడానికి అది చాలు. పొలానికి నీళ్లు పెట్టే పైపు కొసను వేలితో సగం మూస్తే వెనక ఉన్న చిన్న చిల్లులోంచి నీళ్లు ఎలా చిమ్ముతాయో, ముందు దారి ఇరుకైన ఫిస్టులాలో సూది చేసిన రంధ్రంలోంచి రక్తం అలా తోసుకొస్తుంది. ఎంత హెపారిన్ తగ్గించినా లోపలి ఒత్తిడి తగ్గదు.

మెషిన్ కూడా అదే మాట చెప్పింది. సూదులు వేసిన వెంటనే, మొదటి అయిదు నిమిషాల్లో, పంపు వేగం నిమిషానికి 200 మి.లీ. వద్ద ఉంచి వీనస్ ప్రెషర్ (రక్తం ఒంట్లోకి తిరిగి వెళ్లే లైన్‌లోని ఒత్తిడి) చూశాము. 16 గేజి సూదితో వరుసగా మూడు సెషన్లలో 165 నుంచి 178 మి.మీ. మధ్య ఉంది. ఈ అంకె సూది గేజిని బట్టి, మెషిన్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఒక్కసారి చూసిన విలువకు అర్థం తక్కువ, ఒకే తీరున కొలుస్తూ అది ఎటు పోతోందో చూడాలి. ముందటి కేంద్రం ఫైల్లో కూడా వీనస్ ప్రెషర్ పెరుగుతూ వచ్చినట్టు కనిపించింది. అయితే హెపారిన్ లేకపోవడంతో వీనస్ చాంబర్‌లో గడ్డ కట్టడం వల్లే ప్రెషర్ పెరుగుతోందని అక్కడ అనుకున్నారు. గడ్డ వల్ల పెరిగితే అది చివరి గంటల్లో పెరుగుతుంది, ఇరుకు వల్ల పెరిగితే మొదటి నిమిషంలోనే కనిపిస్తుంది.

అమెరికాలోని నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2019లో సవరించిన మార్గదర్శకాల్లో, ఆ రోగికి మామూలుగా పట్టే సమయం కంటే ఎక్కువసేపు రక్తం కారడం వరుసగా మూడు సెషన్లలో జరిగితే దానిని ఫిస్టులా లోపానికి సూచనగా తీసుకోమని చెప్పారు. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది "ఆ రోగికి మామూలుగా" అన్న భాగం. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే రోగికి 18 నిమిషాలు మామూలు కావచ్చు, ఎనిమిది నిమిషాలకు అలవాటైన రోగికి 15 నిమిషాలు హెచ్చరిక కావచ్చు. ప్రతి రోగికీ సొంత అంకె తెలియాలంటే అంతా బాగున్న రోజుల్లోనే రాసిపెట్టాలి.

డాప్లర్ రిపోర్టు

బయట చేయించిన డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూసే అల్ట్రాసౌండ్) రిపోర్టు ఈ దశలో గందరగోళం తెచ్చింది. ఫిస్టులాలో ప్రవాహం నిమిషానికి సుమారు 1.3 లీటర్లు, చేతిలో ఎక్కడా ఇరుకు లేదు అని రాశారు. కొడుకు ఊపిరి పీల్చుకున్నారు. రిపోర్టు అబద్ధం కాదు, చూసిన మేరకు నిజమే. సెఫాలిక్ సిర భుజం దగ్గర వంపు తిరిగి, కండరాల మధ్యనుంచి లోతుకు దిగి, కాలర్ ఎముక కింద, చంకలోంచి వచ్చే పెద్ద సిర అయిన యాక్సిలరీ సిరలో కలుస్తుంది. ఆ వంపునే సెఫాలిక్ ఆర్చ్ అంటారు. ఎముక నీడ పడటం వల్ల అల్ట్రాసౌండ్‌కు అది సరిగా అందదు. బ్రెషియా, సిమినో అనే వైద్యులు, వారి సహచరులు 1966లో ప్రచురించిన ఫిస్టులా మణికట్టు దగ్గరిది. అక్కడ నుంచి బయల్దేరే రక్తం మోచేతి దగ్గర రెండు మూడు సిరల్లోకి చీలిపోతుంది. మోచేతి దగ్గర వేసిన బ్రేకియోసెఫాలిక్ ఫిస్టులాలో చాలామందికి దాదాపు మొత్తం రక్తం ఈ ఒక్క వంపులోంచే పోవాలి, అందుకే ఇరుకు రావడానికి ఇష్టమైన చోటు అది. ఇలాంటి ఫిస్టులా ఉన్న రోగి డాప్లర్‌కు వెళ్లేటప్పుడు "సెఫాలిక్ ఆర్చ్ కనిపించిందా లేదా రాయండి" అని చీటీలో అడగడం మంచిది. అడిగితే రాస్తారు; అడగకపోతే "ఇరుకు లేదు", "చూడలేకపోయాము" అన్న రెండూ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి.

చేతి పరీక్ష ఒకటీ, రిపోర్టు ఒకటీ చెబుతున్నప్పుడు మేము చేతినే నమ్మి ఫిస్టులోగ్రామ్‌కు (సిరలోకి మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూసే పరీక్షకు) పంపాము. సెఫాలిక్ ఆర్చ్‌లో, యాక్సిలరీ సిరతో కలిసే చోటుకు కాస్త ముందు, సుమారు 80 శాతం ఇరుకు కనిపించింది. ఛాతీలోని సిరలు బాగున్నాయి.

అప్పటిదాకా రక్తం ఆపిన పద్ధతి

ఫిస్టులోగ్రామ్‌కు తేదీ దొరికేలోపు జరిగిన సెషన్లలో రక్తాన్ని ఎలా ఆపామన్నది రోజూ సూదులు తీసేవారికి ఎక్కువ పనికొస్తుంది.

సూది చర్మంలోంచి ఏటవాలుగా లోపలికి వెళుతుంది కాబట్టి చర్మం మీది రంధ్రం ఒకచోట, సిర గోడలోని రంధ్రం దానికి అరసెంటీమీటరు దాకా ముందు ఉంటాయి. పైకి కనిపించే రంధ్రాన్ని ఒక్క వేలితో నొక్కితే బయటికి రక్తం రాదు, లోపలి రంధ్రంలోంచి చర్మం కింద చేరి గట్టి వాపుగా తేలుతుంది. అందుకే రెండు వేళ్లు, ఒకటి చర్మం రంధ్రం మీద, ఇంకొకటి సిర రంధ్రం మీద. సూదిని వేసిన కోణంలోనే బయటికి తీయాలి, పూర్తిగా బయటికి వచ్చేదాకా నొక్కకూడదు. ముందే నొక్కితే సూదిమొన సిర గోడను కోస్తుంది. నొక్కే బలం ఎంతంటే, రక్తం ఆగాలి, అదే సమయంలో నొక్కిన చోటికి పైన త్రిల్ వేలికి తెలుస్తూనే ఉండాలి. త్రిల్ పూర్తిగా ఆగేలా బిగించి పట్టుకుంటే ఆ సాయంత్రానికి ఫిస్టులాయే గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఈమెకు ముందు చేతిచుట్టూ బిగుతుగా పట్టీ చుట్టి, రాత్రంతా ఉంచుకోమని పంపేవారట. ఇరుకున్న ఫిస్టులాకు అంతకన్నా ప్రమాదకరమైనది లేదు.

రెండు సూదులూ ఒకేసారి తీయలేదు. భుజంవైపున్న వీనస్ రంధ్రాన్ని నొక్కగానే దానికి వెనక ఒత్తిడి పెరిగి ఆర్టీరియల్ రంధ్రం (రక్తాన్ని మెషిన్‌లోకి తీసే సూదిది) చిమ్ముతుంది కాబట్టి, ఒకటి ఆగిన తర్వాతే రెండోది. నొక్కడం మొదలుపెట్టాక పది నిమిషాలు గాజుగుడ్డ ఎత్తి చూడకూడదన్నది కాగితం మీద సులువుగా కనిపించినా ఆచరణలో కష్టం. రెండు నిమిషాలకోసారి తొంగిచూస్తే అప్పుడే అల్లుకుంటున్న పొర తెగిపోయి, మళ్లీ మొదటికి వస్తుంది. ఇది కొడుకు అలవాటని గమనించి, ఆయన చేతికి టైమర్ ఇచ్చాము. ఆగని రోజున, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జమిక్ ఆసిడ్ ఇంజెక్షన్ మందులో తడిపిన గాజుగుడ్డను రంధ్రం మీద ఉంచి నొక్కాము, మరోసారి జెలటిన్ స్పాంజి ముక్క వాడాము. ఇదే ట్రానెగ్జమిక్ ఆసిడ్‌ను నరంలోకి ఇవ్వాలంటే ఆలోచించాలి, కిడ్నీల ద్వారా బయటికి పోయే మందు కాబట్టి ఈ రోగుల్లో పేరుకుని ఫిట్స్ తెప్పించగలదు.

హెపారిన్‌కు విరుగుడైన ప్రోటమిన్ వాడలేదు. ఒంట్లో హెపారిన్ లేనప్పుడు దానివల్ల ఒరిగేది లేదు, బీపీ పడిపోవడం, తీవ్రమైన అలెర్జీ లాంటి ముప్పులు మాత్రం ఉంటాయి. డెస్మోప్రెసిన్ సంగతి యూనిట్‌లో చర్చకు వచ్చింది. కిలోకు 0.3 మైక్రోగ్రాముల చొప్పున నరంలోకి నెమ్మదిగా ఇస్తే గంటలోపు ప్లేట్‌లెట్ల పనితనం మెరుగుపడి, కొన్ని గంటలు నిలుస్తుంది. వెంటవెంటనే ఇస్తే పనిచేయడం మానేస్తుంది. ఒళ్లంతా రక్తస్రావం ఉన్నప్పుడో, ఆపరేషన్‌కు ముందో దాన్ని దాచుకోవాలి గానీ, వారానికి మూడుసార్లు సూదిపోట్ల కోసం వాడే మందు కాదది. డయాలసిస్ చివర్లో ఆమె బీపీ 180 దాటుతుండేది, హెపారిన్ లేని సెషన్లలో కడుగుడు కోసం ఇచ్చే సెలైన్ కూడా అందుకు కొంత కారణం. ఆ సెలైన్ మాని, తక్కువ మోతాదు హెపారిన్ తిరిగి మొదలుపెట్టాము: మొదట 1000 యూనిట్లు, గంటకు 500, చివరి గంటకు ముందే ఆపివేత. రక్తం కారుతున్న రోగికి హెపారిన్ పెట్టడం మా టెక్నీషియన్లకే మొదట మింగుడుపడలేదు. సర్క్యూట్ గడ్డకట్టడం ఆగింది, రక్తం ఆగే సమయం మాత్రం ముందున్నంతే ఉంది, పెరగలేదు. గుండె వైద్యులతో మాట్లాడి ఆస్పిరిన్‌ను కూడా మళ్లీ ఇచ్చాము. స్టెంట్ ఉన్న మనిషికి వారాలతరబడి ఆస్పిరిన్ లేకపోవడం, సూదిపోటు రక్తస్రావం కంటే పెద్ద ప్రమాదం.

చెక్కు కట్టిన గుబ్బ మీద, దాని చుట్టుపక్కల సూది వేయడం ఆ రోజే మాన్పించాము. గుబ్బల మధ్య ఉన్న మామూలు సిర పొడుగునా, ప్రతిసారీ చోటు కొద్దికొద్దిగా పైకి జరుపుతూ వేయడం మొదలుపెట్టాము. కొత్త చోట నొప్పి ఎక్కువ కాబట్టి ఆమె ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టింది, సూదికి ముందు తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ క్రీము పూయడంతో కుదుటపడ్డారు.

కాఫీపొడి, తువ్వాలు విషయం ఇంట్లోవాళ్లతో విడిగా కూర్చుని మాట్లాడాము. పొడి లోపలికి చేరి చీముకు దారితీస్తుంది. ఫిస్టులాలో చేరిన ఇన్ఫెక్షన్ నేరుగా రక్తంలో కలుస్తుంది, పలచబడిన చర్మాన్ని పగలగొడుతుంది. మందపాటి తువ్వాలు ఒత్తిడిని అరచేతి మేరకు పంచేసి, రక్తాన్ని ఆపకుండా పీల్చుకుంటూ, ఎంత పోతోందో కనబడకుండా దాచిపెడుతుంది. చెయ్యిని గుండెకంటే ఎత్తుగా పట్టి, రక్తం వచ్చే సరిగ్గా ఆ ఒక్కచోట వేలితో గట్టిగా నొక్కాలి. వేలు నిలవకపోతే నీళ్ల సీసా మూతను బోర్లించి రంధ్రం మీద పెట్టి అదిమి పట్టాలి. చిమ్ముతుంటే యూనిట్‌కు ఫోన్ చేస్తూ కూర్చోకుండా 108కి చేయాలి. చెక్కు దానంతటదే ఊడినా, చర్మం నల్లబడినా, చిన్న చుక్క రక్తం దానంతటదే వచ్చి ఆగినా, మరుసటి డయాలసిస్ దాకా ఆగకుండా ఆ రోజే రావాలి. పెద్ద రక్తస్రావానికి ముందు ఇలాంటి చిన్న హెచ్చరిక వచ్చిపోవడం తరచుగా చూస్తాము.

బెలూన్ తర్వాత

8 మి.మీ. హైప్రెషర్ బెలూన్‌తో ఇరుకును వెడల్పు చేశారు. ఒత్తిడి 20 అట్మాస్ఫియర్లు దాటిన తర్వాతే బెలూన్ నడుము దగ్గరి నొక్కు విడిపోయింది. సెఫాలిక్ ఆర్చ్ ఇరుకులు ఇలాగే మొండిగా ఉంటాయి. బెలూన్ ఉబ్బినప్పుడు భుజంలో గట్టి నొప్పి వచ్చింది, నిమిషాల్లో తగ్గింది. మిగిలిన ఇరుకు 30 శాతం లోపు. టేబుల్ మీద ఉండగానే త్రిల్ ఆగకుండా నడవడం మొదలైంది, చెయ్యి లేపితే గుబ్బలు పూర్తిగా కాకపోయినా అణగుతున్నాయి.

తర్వాతి డయాలసిస్‌లో, అదే మోతాదు హెపారిన్‌తో, ఆస్పిరిన్ కొనసాగుతుండగా, సూదిపోట్ల నుంచి రక్తం 11 నిమిషాల్లో ఆగింది. 200 వేగం వద్ద వీనస్ ప్రెషర్ 95, 105 మధ్యకు దిగింది. పూర్తి నాలుగు గంటలూ జరగడంతో కేటీ/వీ 1.38కి చేరింది. ఐరన్, ఎరిత్రోపోయిటిన్‌తో హిమోగ్లోబిన్ పది వారాల్లో 10.1 అయింది.

సెఫాలిక్ ఆర్చ్‌లో బెలూన్ ఫలితం ఎక్కువకాలం నిలవదని, చాలామందిలో నెలల్లోనే ఇరుకు తిరిగి వస్తుందని ముందే చెప్పి ఉంచాము. రక్తం ఆగిన సమయాన్ని రాసే గడి అప్పుడే మా చార్టులో చేర్చాము. అయిదో నెలలో ఆ గడిలో అంకెలు 10, 12, 16, 18, 19గా పెరుగుతూ పోయాయి. ఈసారి ఎవరూ హెపారిన్ జోలికి పోలేదు, మా సీనియర్ టెక్నీషియనే చెయ్యి లేపి చూసి నాకు ఫోన్ చేశారు. అదేచోట ఇరుకు తిరిగి వచ్చింది, మొదటిసారి కంటే తక్కువ స్థాయిలో. అంకెలు పెరగకుండా, చేతిలో తేడా లేకుండా, కేవలం స్కాన్‌లో ఇరుకు కనిపించిందని బెలూన్ వేయించము. 2019 మార్గదర్శకాలూ అలా ముందస్తుగా వేయడాన్ని సమర్థించవు.

ఈ రెండోసారి బెలూన్‌కు బదులు స్టెంట్ గ్రాఫ్ట్ (పైపూత ఉన్న లోహపు జాలీ గొట్టం) వేయాలా అన్నది చర్చించాము. బెలూన్ కంటే అది ఎక్కువకాలం నిలవవచ్చు. అయితే దాని కొస యాక్సిలరీ సిరలోకి పొడుచుకు వస్తే, చెయ్యి లోపలివైపు ఉండే బసిలిక్ సిర రక్తం బయటికి పోయే దారి మూసుకుపోయి, రేపు అదే చేతిలో ఇంకో ఫిస్టులా వేసుకునే అవకాశం పోతుంది. కుడిచేతి సిరలు పాత సెలైన్ సూదులతో పాడైపోయిన ఈమెకు ఎడమచేతి బసిలిక్ సిర మిగిలిన ఆస్తి. అందుకని మళ్లీ బెలూన్‌తోనే వెడల్పు చేశారు. మూడు నెలల్లోపు ఇరుకు తిరిగి వస్తే, సెఫాలిక్ సిరను ఆ వంపుకు ముందే కోసి లోపలి సిరకు మళ్లించే ఆపరేషన్‌కు వాస్క్యులర్ సర్జన్ ఒప్పుకున్నారు. పైగుబ్బ మీది పలచబడిన చర్మాన్ని తీసి సిరను సరిచేయడం కూడా అప్పుడే చేస్తారు. సూదులు మానాక చెక్కు ఎండి రాలింది, కింద కొత్త చర్మం వచ్చింది, మెరుపు మాత్రం పోలేదు. ఆ గుబ్బ ఫోటోను కింద స్కేలు పెట్టి నెలకోసారి తీసి ఫైల్లో ఉంచుతున్నాము. గత వారం రక్తం ఆగిన సమయాలు 9, 11, 10 నిమిషాలు.